ఎవరి మాట చెల్లుతుంది

నాయన దినాలు ముగిసిన మరునాడు వదిన వంటిల్లు కడగాలంది. కళ్యాణదుర్గంలో మా ఇంటి వంటింట్లో సామాన్లు కదిలించడం చిన్న పని కాదు. ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తులేని ఇత్తడి గంగాళాలు, మూతలు పోయిన జాడీలు, అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒకటి తీస్తే రెండోది పడుతుంది. మూలనున్న రాగిపిండి డబ్బాను నేనూ వదినా చెరో పక్క పట్టుకుని జరిపితే, దాని కింద ఎత్తు కోసం పెట్టిన పుస్తకం బయటపడింది. ఇటుకంత మందం. డబ్బా అడుగు అట్ట మీద గుండ్రంగా అచ్చు పడిపోయింది. అంచులకు నూనె పట్టి, పేజీలు పాత పచ్చడి వాసన వేస్తున్నాయి. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది. దినాల్లో ఇంటిల్లిపాదీ ఏడ్చారు, నేను ఏడవలేదు. దానికి కారణం ఆ పుస్తకం చదివిన రోజుల్లోనే ఉంది. తెరిచి చూడడానికి మనసొప్పక, ఒళ్ళో పెట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చున్నాను.

అది నెట్‌వర్క్ డైరెక్టరీ సర్వీసుల మీద పరీక్ష గైడు. ఒక అమెరికా కంపెనీ పెట్టే సర్టిఫికేట్ పరీక్ష అది. ఆ కాగితం చేతిలో ఉంటే బెంగుళూరులో ఉద్యోగం వచ్చినట్టేనని అనంతపురంలో కంప్యూటర్ నేర్చుకునే వాళ్ళందరూ నమ్ముతున్న కాలం. నేను రోజూ పొద్దున కళ్యాణదుర్గంలో బస్సెక్కి అనంతపురం పోయి, మధ్యాహ్నం మళ్ళీ బస్సులో ఇల్లు చేరేదాన్ని. ఒళ్ళో ఈ గైడు, గైడు మీద దుమ్ము. డైరెక్టరీ అంటే ఏమిటో ఇప్పుడు రెండు ముక్కల్లో చెప్పగలను: ఒక పెద్ద ఆఫీసులో ఎవరెవరు ఉన్నారు, ఏ కంప్యూటరు ఎక్కడుంది, ఏ ప్రింటరు ఎవరిది, ఎవరు ఏది ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు, ఇదంతా ఒకచోట రాసిపెట్టి, అడిగినవాళ్ళకు చెప్పే ఏర్పాటు. అంతే. కానీ ఆ గైడు రాసిన మహానుభావుడు ఈ మాట ఎక్కడా చెప్పలేదు. మొదటి పేజీలోనే చెట్టు అన్నాడు, చెట్లన్నీ కలిస్తే అడవి అన్నాడు. కనుచూపు మేర ఎర్రనేల, సర్కారు తుమ్మలు తప్ప ఎరగని పిల్లకు అడవి బొమ్మ చూపించి అర్థం చేసుకొమ్మంటే ఎక్కడ చేసుకుంటుంది? పేజీ తిప్పేకొద్దీ కోపం వచ్చేది. వాక్యాలన్నీ తెలిసిన ఇంగ్లీషు మాటలే, ఒక్క వాక్యమూ బుర్రకెక్కేది కాదు.

ఇన్‌స్టిట్యూట్‌లో మా సార్‌కు నాకంటే ఒక అధ్యాయం ఎక్కువ తెలుసు, అంతే. ఆయన చెడ్డవాడు కాదు, పొద్దస్తమానం నలుగురు పిల్లల ప్రశ్నలతో విసిగిపోయిన మనిషి. నేనేదైనా అడిగితే చేతిలో జిరాక్స్ కాగితాల కట్ట పెట్టేవాడు. అంతకుముందు పరీక్ష రాసినవాళ్ళు గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పిన ప్రశ్నలు, జవాబులు అందులో ఉండేవి. "అర్థం చేసుకోని ఏం జేస్తావమ్మా? ఇవి బట్టీ కొట్టు, చాలు. పరీక్ష పెట్టేది మిషను. దానికి నీకర్థమయ్యిందా లేదా యాడ తెలుస్తాది?" అనేవాడు. మగపిల్లలందరూ అదే పని చేశారు, పాసయ్యారు కూడా. నాకే ఆ మొండితనం ఎక్కడ పట్టుకుందో. ల్యాబ్‌లో రెండు కంప్యూటర్లుండేవి. ఒకటి సర్వరు, రెండోది దాని కింద చేరాల్సింది. అది చేరదు. "డొమైన్ కంట్రోలర్ కనబడలేదు" అని ఒకటే మాట. డొమైన్ కంట్రోలర్ అంటే ఆ సర్వరే. పక్కనే, మూరెడు దూరంలో ఉన్న పెట్టె కనబడకపోవడమేమిటని తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. సార్‌ను అడిగితే "కరెంటు సరిగ్గా లేదమ్మా" అనేవాడు. ఆయన దృష్టిలో ప్రపంచంలోని తప్పులన్నిటికీ కరెంటే కారణం. తొమ్మిది రోజుల తర్వాత తెలిసింది, రెండో కంప్యూటరు దారి అడగాల్సిన చోటును ఎవరో పాత నంబరుకు మార్చి వదిలేశారు. పాపం అది ప్రతిసారీ, ఎప్పుడో తీసేసిన యంత్రాన్ని పిలిచి అడుగుతూ కూర్చుంది. సరైన వాళ్ళను అడిగేట్టు మార్చగానే ఒక్క నిమిషంలో చేరింది. సంతోషం రావాల్సింది పోయి, పోయిన తొమ్మిది రోజులు తలుచుకుని ఏడుపొచ్చింది.

ఇంటి సంగతి చెప్పకపోతే నేను ఆ పరీక్షలో ఎందుకు తప్పానో అర్థం కాదు. నాయనది బజారులో విత్తనాల అంగడి. తక్కువ మాటలు, ఎక్కువ పని. ఏ కవరు వచ్చినా బస్తాలు కుట్టే దబ్బనం దూర్చి పక్క అంచు సన్నగా చీల్చేవాడు. ఉత్తరం చదివి, కవరు తిరగేసి, వెనక పెన్సిలుతో చేయాల్సిన పని రాసేవాడు: 'జవాబు రాయాల', 'మంగళవారం బస్తాలు పంపాల' అని. ఆ పని అయ్యేదాకా కవరు ఆయన జేబులో ఉండేది. ఇంట్లో నేను నాయనతో నేరుగా మాట్లాడింది చాలా తక్కువ. మాకు అదే పద్ధతి. ఆడపిల్లకు ఏం కావాలన్నా అమ్మతో చెప్పాలి, అమ్మ నాయనకు చెబుతుంది. నాయన ఏమన్నాడో అమ్మ వచ్చి మాకు చెబుతుంది. మా అన్న కూడా అంతే. అందుకే ఇంట్లో ప్రతి నియమమూ అమ్మ నోటి నుంచే నాయన పేరుతో వచ్చేది. కుళాయి నాలుగైదు రోజులకొకసారి వచ్చే ఊళ్ళో నియమాలకు కొదవేముంటుంది? తలంటు కుళాయి వచ్చిన రోజే, మీ నాయన చెప్పినాడు. తొట్టి నీళ్ళు తాగేదానికే, మీ నాయన చెప్పినాడు. బాన మీద మూత తీసి పెట్టొద్దండి, మీ నాయన చూస్తే ఊరుకోడు. మేము చెంబులు, బిందెలు, ఆఖరికి అన్నం గిన్నెలు కూడా నింపుకుంటూ ఆ మాటలు విని పెరిగాము. అందరికంటే పైన నాయన, ఆయన మాటే మాట. ఇందులో అనుమానం ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆ పరీక్షలోని ప్రశ్న. డైరెక్టరీలో నియమాలు పెట్టొచ్చు. మొత్తం సంస్థకు ఒక నియమం పైన పెడతారు. దాని కింద ఒక శాఖకు ఇంకో నియమం ఉంటుంది. ఆ శాఖలో చిన్న విభాగానికి మరొకటి. ఒకదానికొకటి పొసగకపోతే, ఆ విభాగంలో కూర్చున్న మనిషికి ఎవరి మాట చెల్లుతుంది? పైవాడు ప్రత్యేకంగా తన మాటను ఎవరూ దాటకూడదని బిగించి ఉంటే తప్ప, మనిషికి అందరికంటే దగ్గరున్న నియమమే చెల్లుతుంది. గైడులో పెద్ద అక్షరాలతో ఉంది. నోటుబుక్కులో మూడుసార్లు రాసుకున్నాను. అయినా నాకు నచ్చలేదు. ఇదేం న్యాయం, పైవాడి మాట కిందవాడు దాటడమేమిటి, అలాంటప్పుడు పైన మనిషి ఉండడమెందుకు అని గైడుతో పోట్లాడాను. నచ్చని విషయం గుర్తుండదు కదా. పరీక్ష కేంద్రం బెంగుళూరులో. అక్కడ ఏసీ గదిలో చలికి వణుకుతూ కంప్యూటరు ముందు కూర్చుంటే, ఆ ఒక్క విషయాన్నే తిప్పి తిప్పి, ఊళ్ళ పేర్లు మార్చి, శాఖల పేర్లు మార్చి అడిగారు. ప్రతిసారీ నా చెయ్యి పైవాడి జవాబు మీదికే పోయింది. ఆఖరి ప్రశ్న నొక్కగానే ఫెయిల్ అని తెర మీద వచ్చింది. ఫలితం కోసం ఎదురుచూసే గౌరవం కూడా ఇవ్వదు ఆ మిషను.

తోడొచ్చింది నాయన. పెళ్ళిళ్ళకు మాత్రమే వేసుకునే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి వేసుకుని, పరీక్ష జరిగినంతసేపూ బయట మెట్ల దగ్గర నిలబడే ఉన్నాడట, వాచ్‌మన్ చెప్పాడు. నా ముఖం చూసి సంగతి తెలుసుకున్నాడు. తిరుగు బస్సు సోమందేపల్లెలో ఆగినప్పుడు దిగి, దోసకాయ ముక్కలకు ఉప్పూకారం వేయించుకొచ్చి నా చేతిలో పెట్టాడు. పెనుకొండ కొండ కనబడే దాకా ఇద్దరమూ కిటికీలోంచి బయటకే చూశాము. అప్పుడు అన్నాడు, కిటికీ వైపే చూస్తూ: "మళ్ళా రాసేదానికి అయితాదా?" నేను తలూపాను. ఆయన చూశాడో లేదో. రెండు రోజుల తర్వాత అమ్మ వచ్చి చెప్పింది: "మీ నాయన ఇంకొక్కసారే అంటాండాడు పాపా. ఈసారి పోతే బడిలో టీచరుగా చేరాలంట. బస్సులెంబడి తిరిగింది చాలంట." బస్సులో అడిగిన మనిషికీ ఈ మాటకూ పొంతన లేదని అప్పుడు నాకు తోచలేదు. ఎంత మంచిగా అడిగినా మనసులో ఇదా అనుకుని, ఆ సాయంత్రం అన్నం మానేశాను.

ఫెయిలైనదాని కోపం ఇంట్లో ఎవరి మీద చూపాలో తెలియక పెరట్లో కూర్చునేదాన్ని. విత్తనానికి చెనిక్కాయలు ఒలిచే ఆడవాళ్ళు మా పెరట్లోనే పనిచేసేవాళ్ళు. ఒలిచి ఒలిచి బొటనవేళ్ళు పగిలి ఉండేవి, పొట్టు దుమ్ముకు గొంతులు ఎండిపోయేవి. ఇంటి నీళ్ళు బయటి వాళ్ళకు పోయకూడదని, వాళ్ళ నీళ్ళు వాళ్ళే తెచ్చుకోవాలని నియమం. ఒక మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి బాన నీళ్ళు చెంబుతో తెచ్చి వరసగా వాళ్ళ దోసిళ్ళలో పోస్తోంది. "అమ్మా, నాయన వద్దన్నాడు కదా" అన్నాను. అమ్మ పోయడం ఆపలేదు. "ఆయప్ప అంగట్లో ఉంటాడు. బాన కాడ ఉండేది నేను. గొంతు ఎండేది ఈళ్ళకి. ఆయప్పకేం కనపడతాది ఆడ్నుంచి?" అంది. ఒలిచే ఆమె ఒకతె నవ్వి, "మీ అమ్మ పోస్తేనే మాకు నీళ్ళు పాపా, మీ నాయన ఏమన్నా మాకేం తెలుసు" అంది. నాకు ఒక్కసారిగా నోటుబుక్కులో మూడుసార్లు రాసుకున్న వాక్యం కళ్ళ ముందు నిలిచింది. దగ్గరున్నవాళ్ళ మాటే చెల్లుతుంది. ఇన్ని నెలలూ నన్ను సతాయించిన విషయం మా పెరట్లో రోజూ చెంబుతో పోస్తూనే ఉన్నారు. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను, నా మీద నాకే.

రెండోసారి పాసయ్యాను. మళ్ళీ నాయన తోడు, మళ్ళీ తెల్లచొక్కా. ఇన్‌స్టిట్యూట్‌లో నాకంటే ముందు చదివి బెంగుళూరులో పనిచేస్తున్న రమక్కకు ఫోను చేసి చెబితే, వాళ్ళ కంపెనీలో మనుషులను తీసుకుంటున్నారని, ఇంటర్వ్యూకు పిలుస్తూ ఉత్తరం వస్తుందని, అంగడి అడ్రసు ఇమ్మని అంది. ఇంటికి వచ్చే టపా అంతా అంగడికే వచ్చేది. గైడుతో ఇక పని లేదు. దాన్ని వంటింటి గూట్లో పడేసి ఉత్తరం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. రోజూ మధ్యాహ్నం నాయన భోజనానికి వచ్చే వేళకు తలుపు దగ్గరే తచ్చాడేదాన్ని. ఆయన జేబులో కవర్లుండేవి, కానీ నాకంటూ ఏమీ రాలేదు. నేరుగా అడగడానికి నోరు రాలేదు. అమ్మను అడగమన్నాను. "అడిగినాలే. ఏమీ రాలేదంట" అంది. ఆ రోజుల్లోనే ఒకనాడు పొద్దున్నే నాయన స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో సంచీ. ఎవరి పెళ్ళికో పోతున్నాడనుకుని నేను లోపలికి పోయాను. చాలాసేపటి తర్వాత ఆయనా లోపలికి వచ్చి, చొక్కా విప్పి మడిచి పెట్టి, మామూలు చొక్కా వేసుకుని అంగడికి పోయాడు. పెళ్ళి తప్పిపోయిందేమో అనుకున్నాను.

ఇంకో పదిహేను రోజులు చూసి, బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నుంచి రమక్కకు ఫోను చేశాను. "ఏమ్మే, లెటరు పంపించి ఎన్ని దినాలాయె? నువ్వు రాలేదని వేరేవాళ్ళని తీసుకున్నారు" అంది. ఉత్తరం అంగడికి వచ్చి ఉంటుంది. అంగట్లో కవర్లు తెరిచేది ఒక్క మనిషి. ఇంటికొచ్చి అమ్మ దగ్గర నెత్తీ నోరూ బాదుకున్నాను, నాయననే అడిగేస్తానని లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అడగొద్దులే పాపా. అడిగితే కోపం చేస్తాడు. ఆయప్పకి ఇష్టంల్యాక పోయింటాది. ఈడ్నే ఏదన్నా చూసుకుందువులే." అప్పటికే నా గైడు పిండి డబ్బా కింద చేరింది. అది చూసి, నా పుస్తకం అక్కడెందుకు పెట్టావని అరిచాను కూడా. "పాసైనావు కదా, ఇంకెందుకది" అంది. కోపంలో అదీ నిజమే అనిపించింది.

ఆనాటి నుంచి, ఆయన మంచాన పడేదాకా, నాయనకు నా అంతట నేను ఒక్క మాట పంపలేదు. బడిలో టీచరుగా చేరలేదు, అంతవరకు పంతం నెగ్గించుకున్నాను. అనంతపురంలో అదే ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పాను. సార్ ఇచ్చిన జిరాక్స్ కట్టలే బట్టీ కొట్టే పిల్లలకు, అర్థం చేసుకోండర్రా అని గొంతు చించుకున్నాను. తర్వాత ఒక కాలేజీలో సర్వర్లు చూసే పని దొరికింది. నా సంసారం, నా పిల్లలు అక్కడే. మంచి బతుకే, కాదనను. ఇప్పుడు మా కాలేజీ డైరెక్టరీ కూడా ఎక్కడో దూరాన ఎవరివో యంత్రాల్లోకి వెళ్ళిపోతోంది. నా గదిలోని సర్వరు పోయిన నెలలో ఆపేశాము. ఈ కాలం పిల్లలు ఏదైనా అర్థం కాకపోతే ఫోనులో వీడియో చూస్తారు. వాళ్ళ నాన్నలతో అరేయ్ అన్నంత చనువుగా మాట్లాడతారు, కావాల్సింది ముఖం మీదే అడుగుతారు. మొదట్లో అది నాకు ఎబ్బెట్టుగా ఉండేది. ఇప్పుడు చూస్తుంటే అసూయగా ఉంటుంది. నాయన మంచాన పడ్డాక నేను వారం వారం కళ్యాణదుర్గం పోయేదాన్ని. మంచం పక్కన నిలబడి, ఏమైనా కావాలేమో అడగమని అమ్మతో చెప్పేదాన్ని. ఒకసారి ఆయనే తల తిప్పి, "బాగుండావా?" అన్నాడు. "ఊ" అన్నాను. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ ఇవ్వలేదు. ఇంత జరిగాక ఇంకేముంటుందని నా లెక్క.

ఇదంతా తలుచుకుంటూ పెరటి మెట్టు మీద పుస్తకం తెరిచాను. అది దానంతటదే మధ్యలో విచ్చుకుంది. అక్కడ ఒక పొడుగు కవరు ఉంది, డబ్బా బరువుకు పేజీకి అంటుకుపోయి. మీద ఇంగ్లీషులో నా పేరు, అంగడి అడ్రసు, బెంగుళూరు ముద్ర. పక్క అంచు దబ్బనంతో సన్నగా చీల్చి ఉంది. మెల్లగా ఊడదీసి తిరగేశాను. వెనక పెన్సిలుతో నాయన అక్షరాలు, ఇంకా చెరిగిపోలేదు: 'సోమవారం ఇంటర్వ్యూ. ఆరు గంటల బస్సు. పాపను తోడుకోని పోవాల.'

అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. కవరు ఎత్తి చూపించాను. అమ్మ బుకాయించలేదు. గోడ పట్టుకుని నెమ్మదిగా నా పక్కన కూర్చుంది.

"నాకిచ్చి పాపకియ్యమన్నాడు" అంది. "నీకియ్యలే. పాప పోనంటాందని ఆయప్పకి చెప్పినా. అయినా సోమవారం పొద్దున తెల్లచొక్కా ఏసుకోని అరుగు మీద కూకున్నాడు, ఏమో మనసు మారి వస్తావేమో అని. ఇంగ నిన్నేమీ బలవంతం చేయొద్దన్నాడు."

"ఇన్నేండ్లూ నేను నాయన మీద..."

"తెలుసు."

"ఒక్కసారన్నా చెప్పొచ్చు కదమ్మా. ఆయన బతికుండగా."

అమ్మ పెరట్లోకి చూసింది. చెనిక్కాయలు ఒలిచే పని ఆ పెరట్లో ఎప్పుడో ఆగిపోయింది. అక్కడిప్పుడు మా అన్న మోటారు సైకిలు ఉంటుంది. "ఈ ఇంట్లో అందురూ నా చేత ఒకరికొకరు మాట్లు పంపిస్తాండిరి పాపా. నాతో మాట్లాడేదానివి నువ్వొక్కదానివే. నువ్వూ పోతే నాకెవురుండారు అనుకుంటి. పారేద్దామంటే చెయ్యి రాలే. చెప్దామంటే నోరు రాలే" అంది.

నాకు అమ్మ మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ దానికంటే పెద్ద కోపం నా మీద. బాన దగ్గర ఎవరుంటే వాళ్ళ మాటే చెల్లుతుందని ఈ పెరట్లోనే నేర్చుకుని, బెంగుళూరు పోయి రాసి, కాగితం తెచ్చుకున్నదాన్ని. ఎన్నో ఏళ్ళు పిల్లలకు అదే పాఠం చెప్పినదాన్ని. మా ఇంట్లో నాకు అందరికంటే దగ్గరున్నది ఎవరో మాత్రం చూసుకోలేదు. ఏది ఆగినా, ఏది అందకపోయినా, పైనున్న మనిషే ఆపాడని రాసేశాను. పెన్సిలు గీతలు వేలికి అంటుకుంటాయేమోనని కవరును అంచులతో పట్టుకుని అక్కడే కూర్చున్నాను, దినాల్లో రాని ఏడుపు అప్పుడొచ్చింది. అదే ప్రశ్న, పరీక్షలో ఒకసారి, ఇంట్లో ఒకసారి, రెండుసార్లూ అదే తప్పు జవాబు. మొదటిసారి తప్పినప్పుడు, మళ్ళీ రాయడానికి నాయన తోడొచ్చాడు.